రెక్కలోడు కూర్చున్న చోటు

నేను ఒక హార్డ్ డిస్క్‌ని. కంప్యూటరు పొట్టలో ఒక మూలన పడి గిర్రున తిరిగే ఇనప డబ్బాను. మీరు పొద్దస్తమానం చూసుకునేది తెరని, టకటకలాడించేది మీటల్ని, ముద్దు చేసేది ఎర్రగా నీలంగా వెలిగే ఫ్యానుల్ని. దాచుకునేది మాత్రం నాలో. నా ఒంట్లో బాగున్నంత కాలం నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే మీకు గుర్తుండదు. టక్కు టక్కుమని చప్పుడు చేసిన రోజున మాత్రం ఇంటిల్లిపాదీ నా చుట్టూ మూగి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. దీనికి నాకేం కోపం లేదు. నడుమైనా అంతే కదా, నొప్పి పుట్టేదాకా ఎవరికి గుర్తుంటుంది?

పుట్టింది సముద్రానికి అవతల, ధూళి కణం కూడా చొరబడని ఒక గదిలో. తల నుంచి పాదాల దాకా తెల్లటి ముసుగులు తొడుక్కున్న ఆడవాళ్లు నన్ను బిగించారు. వాళ్ల కళ్లు తప్ప నేను మరేమీ చూడలేదు. నా లోపల అద్దాల్లా మెరిసే పళ్లేలు ఉంటాయి. వాటి మీద వెంట్రుకంత ఎడం కూడా లేకుండా ఒక సూది తిరుగుతూ రాస్తుంది, చదువుతుంది. అది పళ్లేన్ని తాకిందా, నా పని అయిపోయినట్టే. ఇంత సుకుమారంగా తయారు చేసి, పాత గోనెసంచుల పక్కన వ్యానులో పడేసి, చివరికి నన్ను పెద్దపల్లిలో ఒక ఫోటో స్టూడియోకి చేర్చారు.

స్టూడియో యజమాని జగదీశ్వర్ పెళ్లిళ్ల ఫోటోలు తీసేవాడు. ఆయన దగ్గరున్నన్నాళ్లూ నాలో పెళ్లే పెళ్లి. తలంబ్రాలు, అప్పగింతల ఏడుపులు, చెట్టు చాటు నుంచి తొంగిచూస్తూ సిగ్గుపడుతున్నట్టు నటించే పెళ్లికొడుకులు. ‘ఈ ఫోటోలు ప్రాణంతో సమానం అన్నా, జాగ్రత్త’ అని చెప్పి వెళ్లినవాళ్లలో కొందరు ఆల్బం తీసుకోవడానికి కూడా మళ్లీ రాలేదు. మనుషులకు దాచమని ఇవ్వడంలో ఉన్న ఉత్సాహం, దాచినదాన్ని చూసుకోవడంలో ఉండదు. కొన్నాళ్లకు జగదీశ్వర్ నాకన్నా పెద్దదాన్ని కొనుక్కుని, నన్ను ఖాళీ చేసి, గోదావరిఖనిలో పాత సామాన్లు అమ్మే కంప్యూటర్ కొట్టుకి ఇచ్చేశాడు.

ఈ ఖాళీ చేయడం గురించి మీకు ఒక మాట చెప్పాలి. అది తెలియకపోతే ముందు ముందు జరిగేది మీకు అర్థం కాదు. మీరు డిలీట్ నొక్కినప్పుడు నేనేమీ తుడవను. గుమ్మం మీది పేరు పలక పీకేస్తాను, అంతే. లోపలి మనుషులు లోపలే ఉంటారు. ఆ ఇంట్లోకి కొత్తవాళ్లెవరో మంచాలు, బీరువాలతో వచ్చి దిగినప్పుడే పాతవాళ్లు నిజంగా పోతారు. జగదీశ్వర్ అమ్మేసిన తర్వాత కూడా చాలాకాలం ఆ పెళ్లికూతుళ్లు నాలో నవ్వుతూనే ఉన్నారు. వాళ్లున్నట్టు ఎవరికీ తెలియదు.

కొట్టులోంచి నన్ను తెచ్చుకున్నది అలేఖ్య. లక్ష్మీనగర్‌లో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేసేది. తండ్రి ఓదెలు సింగరేణి ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. తల్లి సరోజన. తమ్ముడు అనుదీప్ పాలిటెక్నిక్ ముగించి, ఏదో ఒక నోటిఫికేషన్ పడకపోతుందా అని ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉండేవాడు. కంపెనీ క్వార్టర్‌లో వంటగదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో, కుట్టుమిషను పక్కన ఆ కంప్యూటరు ఉండేది. అక్కాతమ్ముళ్లిద్దరికీ అదొక్కటే. కుర్చీ కోసం వాళ్లు కొట్టుకోని రోజు లేదు.

ఇద్దరికీ ఆటల పిచ్చి. తమ్ముడు ఆడితే గెలవడానికి ఆడతాడు. అక్క తీరు వేరు. ఆమెకు ప్రాణమైన ఆట ఐరన్ వింగ్. ఇనప రెక్కలు కట్టుకున్న సూపర్‌హీరో ఒకడు పెద్ద నగరం మీద ఎగురుతూ దొంగల్ని, రాక్షసుల్ని పట్టుకోవాలి. అలేఖ్య దొంగల జోలికి పోయేది కాదు. ‘బ్యాంకు దోచుకుంటున్నారు, పరుగెత్తు’ అని ఆట మొత్తుకుంటూ ఉంటే, ఈవిడ తన హీరోని మేడల మీదుగా తీరిగ్గా తిప్పుతూ, ఎవరి డాబా మీద ఏ మొక్కలున్నాయో చూసేది. పగలంతా సూదులతో, సీసాలతో గడిపిన మనిషికి ఆకాశం కావాలనిపించేదేమో. అతనికి బూడిదరంగు రెక్కలుంటే, వాటికి చిలకపచ్చ, అంచులకు గులాబీ రంగు వేసింది.

“అక్కా, సూపర్‌హీరోనా బతుకమ్మనా వీడు?” అన్నాడు తమ్ముడు.

“మా పోరడు, మా ఇష్టం. నువ్వు నీ తుపాకుల ఆట ఆడుకోపో,” అంది ఆమె.

వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తల్లి కూడా చూసింది. “మంచిగున్నడు గదరా రెక్కలోడు,” అంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో వాడి పేరు రెక్కలోడే.

అలేఖ్యకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ల్యాబులో పనిచేసే మనిషి కనుక తన రక్తం తానే పరీక్ష చేయించుకుని, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని తెలిసి కరీంనగర్ ఆసుపత్రికి బయలుదేరింది. బయట ఆటో నిలబడి ఉంది. ఆమె ఒక్క నిమిషం అని కంప్యూటరు ముందు కూర్చుంది. రెక్కలోణ్ని ఎగరేసి, నగరంలోని గడియారం స్తంభం కొమ్ముకు తీసుకెళ్లి, సముద్రం వైపు ముఖం పెట్టించి నిలబెట్టింది. ఆటను ఆ చోటునే దాచిపెట్టమని సేవ్ నొక్కింది.

“ఒరేయ్ అనూ, నేనొచ్చేదాంక వీణ్ని ముట్టకు. ముట్టినవో, వీపు పగులుతది.”

“నాకేం పని లేదా నీ చిలకను ముట్టుకోను?” అన్నాడు అనుదీప్.

ఆమె తిరిగి రాలేదు.

చాలా రోజులు నన్నెవరూ లేపలేదు. లేపినప్పుడు కుర్చీలో ఉన్నది అనుదీప్. ఆట తెరిచాడు. రెక్కలోడు గడియారం స్తంభం మీద, ఆమె నిలబెట్టిన చోటే ఉన్నాడు. ఆ ఆటలో ఒక ముచ్చట ఉంది. మీరు ఏ మీటా నొక్కకుండా ఊరుకుంటే హీరో కాసేపు అటూ ఇటూ చూసి, రెక్కలు దులుపుకుని, అంచు మీద కాళ్లు వేలాడేసి కూర్చుంటాడు. అనుదీప్ చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండగా రెక్కలోడు అలాగే కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చాడు పిల్లవాడు. వంటగదిలోంచి తల్లి వచ్చి, ఏమిటని అడగబోయి, తెర చూసి వాడి పక్కన కూర్చుంది.

అప్పట్నుంచి అది ఆ ఇంట్లో సాయంత్రపు ఆనవాయితీ అయింది. టీ పెట్టి తల్లి వస్తుంది. కొడుకు ఆట తెరుస్తాడు. ఒక్క మీట కూడా నొక్కడు. ఇద్దరూ చూస్తారు. రెక్కలోడు కూర్చోగానే సరోజన, “కూసున్నడు,” అంటుంది. ఆ మాట అనేసి లేచి బియ్యం కడగడానికి పోతుంది. అనుదీప్ సేవ్ చేయకుండా ఆట మూసేస్తాడు. అక్క పెట్టినదాని మీద తన వేలు పడకూడదని వాడి పట్టుదల. ఓదెలు మాత్రం ఆ గదిలోకి వచ్చేవాడు కాదు. ఆ సమయానికి ఇంట్లో ఉంటే లేచి బయటికి వెళ్లి మోటారు సైకిలు తుడుచుకునేవాడు.

నాలో ఆమె సేవ్ ఎంతుంటుందనుకున్నారు? చాలా చిన్నది. జగదీశ్వర్ తీసిన ఒక్క ఫోటో పట్టే చోటులో అలాంటివి ఎన్నో పడతాయి. రెక్కల రంగు, నిలబడ్డ చోటు, ముఖం తిప్పిన దిక్కు, ఇంతే అందులో ఉన్నది. నేను మోసినవాటిలో దానంత బరువైంది ఇంకొకటి లేదు.

ఇక అనుదీప్ స్నేహితుల సంగతి. వాళ్లకొక గుంపు ఉంది. కంప్యూటర్లోనే రాసుకుంటారు, చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని మాట్లాడుకుంటారు. వాళ్ల మాటలన్నీ నా మీదుగానే పోతాయి గనుక నాకు తెలియంది లేదు. జావీద్‌ది ఆ ఊరే. స్నేహిత్ కరీంనగర్‌లో చదువుకుంటాడు. ఫణీందర్ మంచిర్యాలలో కంప్యూటర్లు బాగుచేస్తాడు, తక్కువ మాట్లాడతాడు. ఆటలు అమ్మే దుకాణాలు ఇప్పుడు వీధిలో ఉండవు, తెరలోనే ఉంటాయి. అందులో ఒకటి పాతది, వీళ్లంతా మొదట్నుంచీ కొనుక్కుంటున్నది. దానికి పోటీగా ఇంకోటి కొత్తగా వచ్చి, జనాన్ని లాక్కోవడానికి ప్రతి వారం ఒక ఆటను ఊరికే పంచిపెడుతుంది. ఆ రెండు దుకాణాల కోసం ఈ కుర్రాళ్లు కొట్టుకున్నంతగా ఆ దుకాణాల యజమానులు కూడా కొట్టుకుని ఉండరు.

ఊరికే వచ్చిన ఆటల్ని వీళ్లు ఆడతారనుకుంటున్నారా? లేదు. ‘తీసుకో’ అన్న చోట నొక్కి తమ ఖాతాలో వేసుకుంటారు, మర్చిపోతారు. పెళ్లిభోజనంలో ఆకలి లేకపోయినా ఇంకో లడ్డూ వేయించుకునే రకం.

ఒక వారం జావీద్ హెడ్‌సెట్లో గంతులేశాడు. “కాకా, కొత్త దుకాణపోళ్లు ఐరన్ వింగ్ ఇస్తున్నరు! ఉత్తగ! ఫుల్ ఎడిషన్, సముద్రం దీవి గూడ ఉంది దాంట్ల!”

“ఉత్తగ ఇచ్చినోడు ఎన్ని దినాలు ఇస్తడురా?” అన్నాడు స్నేహిత్. “రేపు ఆ దుకాణం మూసిండనుకో, నీ ఆటలన్నీ గంగల కలుస్తయ్. నేను పైసలు పెట్టి పాత దాంట్లనే కొంట.”

“నీ పాత దుకాణమోడు ఎన్నడన్న ఒక్కటన్న ఇచ్చిండా? పండుగకో తగ్గింపని ఊరిస్తడు, అంతేగని.”

“దాని మొకానికి మంచిగ వెతుక్కునే వీలన్న ఉన్నదారా, నీ కొత్త దుకాణానికి?”

ఇలా సాగింది యుద్ధం.  సముద్రం దీవి అనగానే అనుదీప్ మనసు అక్కడే ఆగిపోయింది. అలేఖ్య కొన్న మామూలు ఆటలో ఆ దీవికి వెళ్లే వీలు లేదు. గడియారం స్తంభం మీద నుంచి చూస్తే దూరంగా మసకగా కనిపిస్తుంది. ఎగిరి వెళ్తే మధ్యలో ఆట ఆపేసి, ‘ఇది పూర్తి ఆటలో మాత్రమే’ అని వెనక్కి పంపేస్తుంది. ఎన్నిసార్లు వెనక్కి పంపినా ఆమె మళ్లీ వెళ్లేది. కొంటానని అనేది. ఏదో ఒక ఖర్చు వచ్చి ఆగిపోయేది.

మర్నాడు అలేఖ్య పుట్టినరోజు. పూర్తి ఆటలోకి రెక్కలోణ్ని మార్చి, ఆ ఒక్కరోజు ఆమె పేరున దీవి మీద దింపి అమ్మకు చూపించాలని అనుదీప్ అనుకున్నాడు. ఆ ఒక్కరోజుకి ముట్టినా అక్క ఏమీ అనదని తనకు తాను నచ్చచెప్పుకున్నాడు. కాకపోతే నేను నిండిపోయి ఉన్నాను. పాత ఆటను తీసేస్తే తప్ప కొత్తది పట్టదు.

“పాత సేవ్ కొత్త దుకాణం ఆటల నడుస్తదారా?” అని అడిగాడు.

“ఆట ఒక్కటే గద, నడువకేం?” అన్నాడు జావీద్.

“పాతది తీసేస్తే సేవ్ పోదు గద?”

“ఏ ఆటకైన సేవ్‌లు డాక్యుమెంట్స్‌ల ఉంటయ్ కాకా. ఆట తీసేసినా సేవ్ ఆడనే ఉంటది. నీకు తెల్వదా ఏంది?”

తెలుసు. ఎన్నో ఆటల్ని అలా తీసేసి, మళ్లీ పెట్టుకుని, ఆపిన చోటి నుంచే ఆడాడు. ఆటలంటే తెలియని వాడైతే భయపడి ఎవరినైనా అడిగి ఉండేవాడు, లేదా అసలు ముట్టుకునేవాడే కాదు. వీడికి తెలుసు. అదే కొంప ముంచింది. ఐరన్ వింగ్ తయారుచేసినవాళ్లకు ఏం బుద్ధి పుట్టిందో, సేవ్‌లను మిగతా ఆటల్లా బయట పెట్టకుండా ఆట ఇంట్లోనే ఒక గదిలో పెట్టారు. ఆట పోతే అవీ పోతాయి.

ఫణీందర్‌కి ఆ సంగతి తెలుసు. గుంపులో రాశాడు కూడా: ‘అనుదీప్, ఐరన్ వింగ్ సేవ్ ఆట ఫోల్డర్‌లనే ఉంటది. తీసేముందట కాపీ పెట్టుకో.’ ఆ మాట నా పళ్లెం మీద పడింది. దాని మీద వెంటనే జావీద్ పెట్టిన కోతి బొమ్మ పడింది. దాని మీద పాత దుకాణాన్ని వెక్కిరించే బొమ్మలు, కొత్త దుకాణాన్ని తిట్టే బొమ్మలు వరసపెట్టి పడ్డాయి. గోల భరించలేక అనుదీప్ అప్పటికే గుంపులో కబురొస్తే మోగే గంట ఆపేసి పడుకోవడానికి వెళ్లాడు.

పొద్దున్నే లేచి కూర్చున్నాడు. వంటగదిలో సరోజన సేమ్యాలు వేయిస్తోంది. అనుదీప్ పాత ఆట మీద తొలగించు అన్నది నొక్కాడు. ‘నిజంగానా?’ అని ఒక పెట్టె అడిగింది. ‘ఆట ఫోల్డర్ మొత్తమా?’ అని ఇంకోటి అడిగింది. వీళ్లకు ఆ పెట్టెలు చదివే అలవాటు ఎక్కడిది? అవును, అవును అని వేలు దానంతటదే కొట్టేసింది. నేను గుమ్మం మీది పలకలు తీసేశాను. అలేఖ్య పలక కూడా.

కొత్త ఆట దిగడం మొదలైంది. మధ్యాహ్నం దాకా బండ్ల మీద బండ్లు వచ్చి సామాన్లు దింపుతూనే ఉన్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో నేను నిర్ణయించను. పైనుంచి చెబుతారు, నా సూది అక్కడికి పోయి రాస్తుంది. అలేఖ్య ఇంటికి అటువైపు ఒక నగరం దిగింది. ఇటువైపు సముద్రం దిగింది. ఆ పక్కింట్లో రాక్షసుల అరుపులన్నీ దిగాయి. సూది ప్రతిసారి ఆమె గుమ్మం దగ్గరగా వచ్చి వెళ్లేది. నాకు గుండె లేదు, ఉంటే ఆగిపోయేది. ఆశ్చర్యమేమంటే, అంతా దిగాక కూడా ఆ చిన్న ఇల్లు అలాగే ఉంది. పలక లేదు, అంతే. లోపల రెక్కలోడు సముద్రం వైపు చూస్తూనే ఉన్నాడు.

అనుదీప్ ఆట తెరిచాడు. ‘కొత్త ఆట’ అన్న మాట ఒక్కటే వెలుగుతోంది. ‘కొనసాగించు’ అన్నది మసకగా, నొక్కినా పలకకుండా ఉంది. డాక్యుమెంట్స్‌లో వెతికాడు. నన్నంతా గాలించాడు. జావీద్‌కి ఫోన్ చేస్తే వాడు, “ఆడనే ఉండాలె కాకా, మంచిగ సూడు,” అంటూ గొంతు తగ్గించేశాడు. అనుదీప్ మళ్లీ మొదటి నుంచి వెతికాడు.

అప్పుడే తల్లి గుమ్మంలోకి వచ్చింది. “అనూ, ఇయ్యాల మీ బాపు గూడ సూస్తనన్నడురా. డ్యూటీ నుంచి సీదా వస్తడు. పాయసం పెట్టుకోని అందరం కూసుందాం.”

బిడ్డ పోయిన నాటి నుంచి ఆ గదిలో అడుగుపెట్టని మనిషి, పుట్టినరోజున ధైర్యం తెచ్చుకుని వస్తానన్నాడు. ఆయన వచ్చేసరికి తెర మీద ఏముంటుంది? అనుదీప్ తల్లి వైపు తిరగకుండానే, “సరే అమ్మా,” అన్నాడు. కొత్త ఆట నొక్కాడు.

అంత వేగంగా ఎవరైనా ఆట ఆడడం నేను చూడలేదు. కథ చెప్పబోయిన ప్రతివాడి నోరూ మూయించాడు. మొదటి దొంగల్ని కొట్టాడు, రెక్కలు సంపాదించాడు, ఎగిరే హక్కు సంపాదించాడు. మధ్యలో తెర మూల ఒక పెట్టె వెలిగింది. జావీద్ చెప్పి ఉంటాడు, ఫణీందర్ పిలుస్తున్నాడు. విసురుగా పక్కకి తోసేశాడు. కాసేపటికి మళ్లీ వెలిగింది, మళ్లీ తోసేశాడు. ఆ ఫోన్ ఎత్తి ఉంటే ఫణీందర్ చెప్పేది ఒక్కటే మాట: ఏమీ రాయకు, కంప్యూటర్ ఆపెయ్, నేను వస్తున్నా.

రంగుల గదికి పోయి చిలకపచ్చ వేశాడు. అంచులకు గులాబీ వేశాడు. ఏ గులాబీ అన్నది గుర్తుకు రాక ఒక్కోటీ వేసి చూశాడు. ఒకటి ఎంచుకున్నాడు. గడియారం స్తంభం మీదికి ఎగిరి, సముద్రం వైపు తిప్పి నిలబెట్టాడు. బయట మోటారు సైకిలు చప్పుడైంది. ఇంతలో కరెంటు పోతే అంతా మొదటికొస్తుందని, సేవ్ నొక్కాడు.

దాన్ని ఎక్కడ రాయాలో పైనుంచి నాకు చెప్పారు. అది అలేఖ్య ఇల్లు.

అంతటి నగరమూ దిగినప్పుడు తప్పించుకున్న చోటు అది. నాలో అంతకన్నా ఖాళీ చోట్లు ఇంకా ఉన్నాయి. అరవగలిగితే ఆ క్షణాన అరిచేదాన్ని. సూదిని విరగ్గొట్టుకోగలిగితే విరగ్గొట్టుకునేదాన్ని. నా చేతుల్లో ఏముంది? సూది వెళ్లింది, రాసింది. తమ్ముడు చేసిన రెక్కలోడు అక్క చేసిన రెక్కలోడి మీద కూర్చున్నాడు. కన్నుమూసి తెరిచేంతలో అయిపోయింది.

ఓదెలు డ్యూటీ బట్టలతోనే వచ్చి తలుపు దగ్గర ఆగాడు. సరోజన పాయసం గిన్నెలు కుట్టుమిషను మీద పెట్టి, ఆయన చేయి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. ముగ్గురూ చూశారు. రెక్కలోడు అటూ ఇటూ చూశాడు, రెక్కలు దులుపుకున్నాడు, కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు.

“సూడుండ్రి, కూసున్నడు. దినాం గిట్లనే కూసుంటడు. మన బిడ్డ కూసోవెట్టి పోయింది,” అంది సరోజన.

ఓదెలు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తెర మీద పచ్చ రెక్కల దగ్గర వేలు పెట్టాడు. “గీ రంగులు గూడ తనే ఏసిందారా?”

“ఔ బాపు,” అన్నాడు అనుదీప్.

“మంచిగేసింది,” అన్నాడు తండ్రి. గిన్నె చేతిలోకి తీసుకున్నాడు కానీ తినలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు. సరోజన ఆయన వీపు నిమురుతూ తానూ ఏడ్చింది. వాళ్లకు మనసు కొంత తేలికపడింది. పక్కన కొడుకు తన గిన్నెను తిరిగి కుట్టుమిషను మీద పెట్టేశాడు.

మర్నాడు ఫణీందర్ మంచిర్యాల నుంచి బస్సెక్కి వచ్చాడు. నన్ను విప్పి, తన యంత్రానికి తగిలించి, పోయినవాటిని వెతికే ప్రోగ్రాం నడిపించాడు. ముందు దొరికింది జగదీశ్వర్ తీసిన పెళ్లికూతురి సగం ముఖం. ఎవరికీ అక్కర్లేని ఆ నవ్వు అన్నేళ్లు నా మూలన క్షేమంగా ఉంది. తర్వాత అలేఖ్య సేవ్ పేరు దొరికింది. అనుదీప్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఫణీందర్ దాన్ని తెరిచి చూసి, తేదీ చూసి, మెల్లగా అడిగాడు.

“దీని మీద ఇంకో సేవ్ కూసున్నది. నిన్న పొద్దుమీకి చేసినవా ఏమన్న?”

“బాపు వచ్చేముందట.”

ఫణీందర్ తన యంత్రం నుంచి నన్ను ఊడదీశాడు. ముందే కాపీ పెట్టుకోమని రాశాను కదా అని అనలేదు. అనుదీప్ ఆ తర్వాత గుంపులో పైకి వెళ్లి వెళ్లి, కోతి బొమ్మకు పైన ఆ మాటను తానే చూసుకున్నాడు. 

మరుసటి వారం కొత్త దుకాణం ఇంకో సూపర్‌హీరో ఆట ఊరికే ఇచ్చింది. గుంపులో జావీద్ గంతులేశాడు, స్నేహిత్ తిట్టాడు. అనుదీప్ కూడా వెళ్లి ‘తీసుకో’ నొక్కాడు. ఆడేది లేదు, చేతికి అలవాటు.

ఆ పుట్టినరోజు నుంచి సాయంత్రాలు ముగ్గురు. ఓదెలు డ్యూటీ లేని రోజున ముందే వచ్చి కూర్చునేవాడు. పక్కింటి వాళ్లను కూడా ఒకసారి పిలిచి, ‘మా బిడ్డ చేసింది’ అని చూపించాడు. తన చేతులతో చేసిన బొమ్మను అక్కదని చూపిస్తూ, వాళ్ల కళ్లు తుడుచుకోవడం చూస్తూ కూర్చోవడం అనుదీప్ వల్ల కాలేదు. నిజం చెప్పడం అంతకన్నా కాలేదు. ఒకరోజు నన్ను ఊడదీసి, వేరేదాన్ని బిగించాడు.

“రోజు తిప్పితే పాడైతదమ్మా. తీసి జాగ్రత్తగ పెడదాం,” అన్నాడు.

సరోజన నన్ను రెండు చేతులతో అందుకుంది. నేనంత చల్లగా, బరువుగా ఉంటానని ఆమె అనుకోలేదేమో, ఒడిలో పెట్టుకుని కాసేపు నిమిరింది. “దీంట్లనే ఉన్నదా మనది?” అని అడిగింది. కొడుకు తలూపాడు. అలేఖ్య చున్నీ తెచ్చి చుట్టి, ఫోటో పక్కన అలమరలో పెట్టింది.

అక్కడే ఉంటున్నాను. తిరగడం ఆగిపోయింది. టీ పెట్టాక సరోజన వస్తుంది, చున్నీ విప్పుతుంది, ఫోటోకి పెట్టిన వేలితోనే నాకూ బొట్టు పెడుతుంది. “కూసున్నవా బిడ్డా?” అని అడుగుతుంది. అనుదీప్ ఇంట్లో ఉంటే ఆ సమయానికి లేచి బయటికి వెళ్లిపోతాడు. నాకు నోరు లేదు. ఆమె చున్నీ మళ్లీ చుట్టి బియ్యం కడగడానికి పోతుంది. ఆ బొట్టు కింద, ఆ చున్నీ లోపల, నాలో ఉన్నది ఊరికే వచ్చిన ఆట ఒక్కటే.